ఇంజను నోట్లో ఉండే బండి

ముంజికాయల బండి రెండు చక్రాల వాహనం. ముంజలు తినేశాక మిగిలే రెండు తాటిబుర్రలు, వాటిని కలిపే ఒక పుల్ల, ఆ పుల్ల మీద ఆనించి తోయడానికి ఒక పంగల కర్ర ఉంటే బండి తయారైనట్టే. దీనికి సీటు లేదు, బ్రేకు లేదు. ఇంజనూ హారనూ తోసేవాడి నోట్లో ఉంటాయి. రవాణా శాఖ దృష్టిలో ఇది వాహనం కాదు. తోసేవాడి దృష్టిలో ఇది తప్ప మిగతావేవీ వాహనాలు కావు. కోనసీమలో, అంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళలో, వేసవి సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా దీనితో పందేలు వేసుకుంటారు. "ఇప్పుడెక్కడండీ, మా రోజుల్లో వేసేవాళ్ళం" అని పెద్దవాళ్ళు సవరిస్తారు. ఏ తరం పెద్దలైనా ఈ ఆట తమతోనే అంతరించిందని గట్టిగా నమ్ముతారు. ఆ మాట చెబుతుండగానే వాళ్ళ అరుగు ముందునుంచి ఓ బండి బుర్రుమంటూ పోతుంది.

ఈ ఆటకు కలిగినింటి దాయాది ఒకటుంది. దాని పేరు స్లాట్ కార్ రేసింగ్. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ గడ్డాలు నెరిసినవాళ్ళు సెలవు రోజున ఇంట్లో చెప్పి, కొందరు చెప్పకుండా, క్లబ్బుకు వెళ్ళి ఆడే ఆట. (కోనసీమలో మగవాడు క్లబ్బుకు వెళ్ళాడంటే చేతిలో పదమూడు ముక్కలున్నట్టు లెక్క. ఇది ఆ క్లబ్బు కాదు.) పెద్ద బల్ల మీద వంపులు తిరిగే దారి పరిచి ఉంటుంది. దారిలో ఒక్కో కారుకు ఒక్కో సన్నటి గాడి. గాడికి అటూ ఇటూ రెండు లోహపు పట్టీలు, వాటిలో సుమారు 12 వోల్టుల కరెంటు. కారు అసలు కారులో 32వ వంతో, 24వ వంతో, మరీ చిన్నదైతే 64వ వంతో ఉంటుంది. కారు ముందు భాగం అడుగున చిన్న నాలుక ఒకటి గాడిలోకి దిగి ఉంటుంది. నాలుకకు రెండు పక్కలా అల్లిక తీగలు పట్టీలను రాసుకుంటూ పోయి మోటారుకు కరెంటు అందిస్తాయి. ఆడేవాడి చేతిలో ఒక మీట. నొక్కితే కారు పరిగెడుతుంది, వదిలితే ఆగుతుంది. స్టీరింగు లేదు. ఎటు తిరగాలో గాడి చూసుకుంటుంది, ఎప్పుడు తగ్గాలో మాత్రం మనిషి చూసుకోవాలి. మలుపులో తగ్గకపోతే కారు గాడిలోంచి లేచి, బల్ల దాటి, పక్కవాడి టీ కప్పు దగ్గర దిగుతుంది. ఇంత సదుపాయం ఉన్న ఆటలో కూడా ఓడినవాడు చెప్పే కారణాలకు లోటుండదు.

దాయాది వంశచరిత్ర పొడుగైనదే. బొమ్మరైళ్ళు చేసే లయొనెల్ కంపెనీ 1912లోనే అమెరికాలో కరెంటుతో నడిచే పందెపు కార్ల సెట్లు అమ్మింది. అవి ఎక్కువ కాలం నిలవలేదు. 1950ల మధ్యలో ఇంగ్లండు మోడల్ క్లబ్బులవాళ్ళు మళ్ళీ మొదలెట్టారు. అప్పట్లో చాలాచోట్ల గాడికి బదులు దారి మధ్యలో పైకి లేచిన సన్నటి పట్టా ఉండేది, కారు దాన్ని పట్టుకుని పోయేది. పట్టా మాట వచ్చేసరికి కోనసీమవాడు ఒక క్షణం ఆగి నిట్టూరుస్తాడు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలు పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకి పట్టుకుపోయారు. 2004లో కోటిపల్లి దాకా మళ్ళీ రైలొచ్చింది. అక్కణ్ణుంచి గౌతమి దాటి అమలాపురం మీదుగా నరసాపురం పోవలసిన లైను కోసం జనం ఒకటిన్నర తరంగా ఎదురుచూస్తున్నారు. అందుచేత పట్టా మీద నడిచే బండి ఏదైనా సరే, అది బల్ల మీద జానెడు పొడుగున్నా సరే, ఇక్కడ దానికి మర్యాద ఎక్కువ.

ఇంగ్లండులో మినీమోడల్స్ అనే బొమ్మల కంపెనీ నడిపిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్ తన కీ ఇచ్చే రేకు కార్లకు కరెంటు మోటార్లు పెట్టి, 1957లో హారొగేట్ బొమ్మల సంతలో స్కేలెక్‌స్ట్రిక్ అన్న పేరుతో ప్రదర్శించాడు. అక్కడినుంచి ఈ ఆట క్లబ్బులు దాటి ఇళ్ళల్లోకి వచ్చింది. 1960ల మధ్యలో అమెరికాలో గంటకింత అని డబ్బు తీసుకుని ఆడించే హాళ్ళు వేల సంఖ్యలో లేచాయి, ఆ దశాబ్దం ముగిసేలోగా చాలావరకు మూతపడ్డాయి. ముంజికాయల బండికి ఇలాంటి ఒడిదుడుకులు లేవు. కనిపెట్టినవాడు కంపెనీ పెట్టలేదు కాబట్టి దివాలా తీయవలసిన పనీ పడలేదు.

తయారీ విషయానికి వస్తే, తాటిచెట్లలో ఆడవీ మగవీ వేరు, కాయలు కాసేది ఆడచెట్టే. మగచెట్టు కింద పూటంతా తలెత్తి నిలబడ్డ కుర్రాడు వృక్షశాస్త్రంలో ఒక పాఠం నేర్చుకుని ఇంటికెళ్తాడు. గీత కార్మికుడు గెలలు దింపి, కాయ నెత్తి కత్తితో చెక్కితే సాధారణంగా మూడు కళ్ళు బయటపడతాయి, ఒక్కో కంట్లో ఒక్కో ముంజ. పెద్దవాళ్ళు వాటిని పళ్ళెంలోకి తీయించుకుని, పైతొక్క ఒలుచుకుని, చలవ చేస్తాయంటూ తింటారు. వాహన తయారీదారుకు అంత తీరిక లేదు. బొటనవేలు కంట్లోకి దూర్చి, సగం నీళ్ళు మొహం మీద చిమ్మించుకుని, ఉన్నచోటే జుర్రేస్తాడు. దీన్ని తిండి అనకూడదు, తయారీలో మొదటి దశ అనాలి. ఒక బండికి రెండు కాయలు, అంటే ఆరు ముంజలు. స్టెప్నీకి ఇంకో మూడు. జట్టులో నలుగురుంటే లెక్క ముప్పై ఆరుకు చేరుతుంది. ఆ పూట అన్నానికి పిలిస్తే ఎవరూ కదలరు. పనివాళ్ళు ముడిసరుకును తిని ఉత్పత్తి పెంచే మోటారు కార్ఖానా మరెక్కడా ఉన్నట్టు లేదు.

నాణ్యత పరీక్ష కూడా నోటితోనే జరుగుతుంది. ముంజ మరీ లేతదైతే బుర్ర మెత్తగా ఉంటుంది, రెండు వీధులు తిరిగేసరికి పుల్ల చుట్టూ కన్నం పెద్దదై చక్రం ఊగుతుంది. ముంజ ముదిరితే బుర్ర గట్టిది. అది బండికి మంచిది, కడుపుకు చెడ్డది. పేరుమోసిన ఛాంపియన్లందరికీ కడుపునొప్పి చరిత్ర ఉంటుంది. ఇక రెండు చక్రాలూ ఒకే సైజువి కావాలి, ఒకే గెలలోవైతే మరీ మేలు. పెద్దదీ చిన్నదీ కలిపితే బండి తిన్నగా పోకుండా చిన్నదాని వైపు లాగుతూ చివరికి బయల్దేరిన చోటికే వస్తుంది. తోసేవాడు దాన్ని రెండో రౌండు కింద లెక్కెయ్యమంటాడు.

ఇరుసుకు కొబ్బరి ఈనె పనికిరాదు, వంగిపోతుంది. వెదురు పుల్లో సరుగుడు పుల్లో జానకు కాస్త మించి కొట్టి, రెండు కొసలూ చెక్కి, బుర్రల నడిమధ్యకు గుచ్చాలి. నడిమధ్య అన్నది చెప్పినంత తేలిక కాదు. అంగుళం తేడా వస్తే బండి కుంటుతూ నడుస్తుంది, అప్పుడు దాన్ని జీపు అంటారు. పంగల కర్ర తోసేవాడి నడుం ఎత్తుండాలి, పంగ ఇరుసును ఆనుకునేంత వెడల్పుండాలి. ఇలాంటి కర్రలు మొలిచే జామచెట్లన్నీ పక్కింటివాళ్ళ పెరట్లోనే ఉండటం కోనసీమ వృక్షసంపదలో ఒక విశేషం. వాటిని కొట్టుకోవడానికి అనువైన వేళ మధ్యాహ్నం రెండు నుంచి మూడు. పెరటివారు పడుకుంటారు, కుక్క కూడా పడుకుంటుంది.

పంగకూ ఇరుసుకూ ఒరిపిడి తగ్గడానికి కందెన కావాలి. స్లాట్ కార్ల క్లబ్బుల్లో ఏ నూనె వాడొచ్చో, టైర్లకు ఏది పూయొచ్చో, ఏది పూయకూడదో రాతకోతలు ఉంటాయి. పందేనికి ముందు కార్లను తిరగేసి చూసి, కొలిచి, తూచి మరీ లోపలికి పంపుతారు. కోనసీమ కొబ్బరికి పుట్టిల్లు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు దేశమంతటా పేరుంది, కాబట్టి ఇక్కడ కందెనకు కొరత ఉండకూడదు. కానీ ఆచరణలో అది ఒకే ఒక్క సీసాలో, నానమ్మ అద్దం పక్కన దొరుకుతుంది. ఆ సీసా మట్టం వేసవిలో తగ్గినంతగా గోదావరి మట్టం కూడా తగ్గదు. దొంగను పట్టుకోవడం సులువు. తల పొడిగా ఉండి చేతులు నిగనిగలాడేవాడే దొంగ.

రెండు ఆటలకూ ఇంజనీరింగులో ఒక గట్టి చుట్టరికం ఉంది. అసలు కారులో వెనక చక్రాలు రెండూ మలుపులో వేర్వేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ అనే ఏర్పాటు ఉంటుంది. స్లాట్ కారులో అది ఉండదు, రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి కలిసే తిరుగుతాయి. ముంజికాయల బండిలోనూ అంతే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఇద్దరూ కలిసే నడవాలంటే ఒకరు ఈడ్చుకుంటూ రావాలి. అందుకే మలుపు రాగానే స్లాట్ కారు తోక జాడిస్తుంది, ముంజికాయల బండి గంతేస్తుంది. గంతేసినప్పుడు పంగ ఇరుసు మీదనుంచి జారి నేలలో గుచ్చుకుంటుంది. కర్ర రెండో కొస తోసేవాడి పొట్టలో గుచ్చుకుంటుంది. ఈ ఆటలో బ్రేకు లేదని మొదట చెప్పిన మాటను ఇక్కడ కొంచెం సవరించుకోవాలి.

వేగాన్ని లెక్కగట్టడంలో స్లాట్ కార్లవాళ్ళకు ఒక ముచ్చటైన అలవాటుంది. కారు అసలుదానిలో 32వ వంతు కాబట్టి వేగాన్ని 32తో హెచ్చవేస్తారు. గంటకు ఇరవై కిలోమీటర్లు పోయే బొమ్మ ఆ లెక్కన గంటకు 640 కిలోమీటర్లు పోయినట్టు. విమానం ఎక్కకుండానే ఇంత వేగం చూసిన తృప్తితో క్లబ్బు సభ్యులు ఇళ్ళకెళ్తారు. ఇదే లెక్క ముంజికాయలకు కట్టినా తప్పులేదు. తాటిబుర్ర అడ్డకొలత ఇంచుమించు పది సెంటీమీటర్లు, బస్సు చక్రానిది ఇంచుమించు మీటరు, అంటే పదింతలు. గంటకు పది కిలోమీటర్ల చొప్పున పరిగెత్తే పిల్లాడి బండి వేగం నూరు కిలోమీటర్లు. అమలాపురం నుంచి రాజోలు పోయే పల్లెవెలుగు బస్సు ఆ అంకెను కలలో కూడా చూసి ఉండదు.

స్లాట్ కార్ల దారిని క్లబ్బువాళ్ళు నెలల తరబడి కష్టపడి కడతారు. వంపులో లోపలి గాడి దగ్గర, బయటి గాడి దూరం. ఆ అన్యాయం పోవడానికి కొన్ని దారుల్లో గాడులు ఒకదాన్నొకటి దాటుకుని చోట్లు మార్చుకుంటాయి. క్లబ్బు పందేల్లో ప్రతివాడూ ప్రతి గాడిలోనూ సమానమైన సేపు ఆడేలా వంతులు వేస్తారు. కోనసీమలో దారిని పంచాయతీ వేసి ఇస్తుంది, న్యాయాన్యాయాలు ఎవరికి వాళ్ళు చూసుకోవాలి. రామాలయం దగ్గర మొదలై, కాలవ గట్టెక్కి, కొబ్బరితోట అంచున తిరిగి, వాటర్ ట్యాంకు దగ్గర ముగిసేది ఒక మాదిరి దారి. అందులో నీడ ఒక పక్కే ఉంటుంది, ఆ పక్కకోసం జరిగే తగువే మొదటి పందెం. నీడ దొరకనివాడు కాలే తారు మీద వట్టి కాళ్ళతో పరిగెత్తాలి. అయితే వాడే ముందు వస్తాడు.

మే నెలలో ఈ దారికి ఇంకా చాలామంది హక్కుదారులుంటారు. దాళ్వా ధాన్యం రోడ్డు పొడుగునా ఆరబోసి ఉంటుంది. దాని మీదనుంచి బండి పోనిస్తే గింజల మధ్య రెండు చాళ్ళు పడతాయి. కాపలా కూర్చున్న మామ్మ చేతిలో కూడా కర్ర ఉంటుంది, కాకపోతే దానికి పంగ ఉండదు. తర్వాత దింపిన కొబ్బరికాయల రాశి, దాని పక్కన ఒలిచిన డొక్కల గుట్ట, దాని మీద ఎప్పుడూ ఒక మేక. ఆ తర్వాత కాలవ. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ సీమలో పెద్ద కాలవా పిల్ల కాలవా లేని ఊరంటూ లేదు. మలుపు తప్పిన బండి ఎటు దొర్లినా ఏదో ఒక కాలవలోకే. ఆట వేసవిలో పడటం దేవుడి దయ అనుకోవాలి. మరమ్మతుల కోసం కాలవలు కట్టేసే రోజులవి. అడుగున నీళ్ళుండవు, బురద ఉంటుంది. బండికి ప్రమాదం తప్పుతుంది, చొక్కాకు తప్పదు.

ఎండెక్కకముందు ఆడుకోమని ఇంట్లో చెబుతారు, పోటీ ఎండెక్కాకే మొదలవుతుంది. స్లాట్ కార్ల మీద ఫెరారీ, పోర్షే లాంటి పేర్లు రాసి ఉంటాయి. తాటిబుర్ర మీద పేరు రాయడానికి చోటు లేదు, అందుచేత అది ఏ బండో తోసేవాడి గొంతు చెప్పాలి. బుల్లెట్ అయితే డుగుడుగుమనాలి. లారీ అయితే ఎత్తెక్కేటప్పుడు గేరు మార్చి మూలగాలి. ఆర్టీసీ బస్సు నడిపేవాడు ప్రతి మలుపులోనూ హారను కొట్టి, మధ్యలో ఆగి, "రైట్ రైట్" అని తనకు తానే చెప్పుకుని బయల్దేరాలి. దీనివల్ల పందెంలో వెనకబడ్డా మర్యాద దక్కుతుంది. గొంతు బొంగురుపోతే ఇంజను పాడైనట్టు. మజ్జిగ పోసి బాగుచేస్తారు.

బయల్దేరడం అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. స్లాట్ కార్ల పందెంలో కరెంటు ఇచ్చేదాకా ఏ కారూ కదలదు, తొండి చేయాలనుకున్నా ఆ పూటకు కరెంటే అడ్డం. ఇక్కడ "ఒకటీ, రెండూ, మూడు" అంటారు. మూడుతోపాటు కదలాలా, మూడు అన్నాక కదలాలా అన్నది తేలకుండానే ఎన్నో వేసవులు గడిచిపోయాయి. రెండు దగ్గరే కదిలేవాడు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. వాణ్ణి వెనక్కి పిలిస్తే, "ఒరేయ్, నా బండి లారీరా, వేడెక్కడానికి టైం పడుద్ది" అంటాడు. ఈ వాదనలో సాంకేతికంగా తప్పు పట్టలేక అందరూ ఊరుకుంటారు.

స్లాట్ కార్ల క్లబ్బులో అసలు గొప్పవాళ్ళు పందెంలో ఉన్నవాళ్ళు కారు, మలుపుల దగ్గర నిలబడే మార్షల్స్. గాడి తప్పిన కారును చటుక్కున పట్టుకుని మళ్ళీ దాని గాడిలో పెట్టడం వాళ్ళ పని. ఒక వంతులో ఆడినవాళ్ళే తర్వాతి వంతులో మార్షల్స్‌గా నిలబడాలన్నది చాలా క్లబ్బుల ఆచారం. ఇందులో పెద్ద ధర్మసంకటం ఉంది. ఇందాక తనను ఓడించినవాడి కారు ఇప్పుడు తన కాళ్ళ దగ్గరే తిరగబడి చక్రాలు తిప్పుకుంటూ ఉంటుంది. దాన్ని ఎంత వేగంగా తీసి పెడతాడన్నదాన్ని బట్టి మనిషి సంస్కారం కొలవచ్చు. స్నేహపూర్వకమైన పోటీ అని పేరు పెట్టుకున్న రోజున కూడా కొందరికి ఆ సమయంలోనే బూటు లేసు ఊడుతుంది.

కోనసీమలో ఈ ఉద్యోగం తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ దక్కుతుంది. పందెంలో చేర్చుకోకపోతే అమ్మతో చెబుతారు, చేర్చుకుంటే కాళ్ళకడ్డం పడతారు. అందుకని వాళ్ళను ఆటలో అరటిపండుగా తీసుకుంటారు. రావులపాలెం అరటి మార్కెట్టు పక్కనే ఉన్న సీమలో అరటిపండుకు ఈ మాత్రం హోదా ఉండటం సబబే. అరటిపండు బాధ్యతలు చాలా ఉన్నాయి. దొర్లిన చక్రాన్ని కాలవలోంచి తేవడం, మేకను తోలడం, మామ్మ వస్తే కేక వేయడం, చివరికి ఎవరు గెలిచారో చెప్పడం. ఈ చివరి బాధ్యతలో అరటిపండు అధికారం అపారం. రేఖ దగ్గర నిలబడి చూసింది తనొక్కతే కాబట్టి ఎవరు చాక్లెట్టు ఇస్తామంటే వాళ్ళే గెలిచారు. ఇద్దరూ ఇస్తామంటే ఇద్దరూ గెలిచారు. ఇంత సూటిగా లెక్క తేల్చే యంత్రం స్లాట్ కార్ల క్లబ్బులో లేదు. అక్కడ రౌండ్లు లెక్కించడానికి కంప్యూటరు పెడతారు, దానికి చాక్లెట్లు అక్కర్లేదు.

రెండు తెగలూ ఒకే రోజున ఒకే ఇంట్లో కలుసుకునే సందర్భాలూ ఉంటాయి. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు అమెరికాలో ఉండే సీమ ఇది. సెలవులకు వచ్చినవాళ్ళ పెట్టెలోంచి ఎనిమిది అంకె ఆకారంలో పరిచే స్లాట్ కార్ల సెట్టు ఒకటి దిగుతుంది. "పిల్లలకి రాదు, మీరు జరగండి" అంటూ దాన్ని బాబాయిలు బిగిస్తారు. ఇద్దరు ఇంజనీర్లున్న ఇంట్లో ఇందుకు ఒక పూట పడుతుంది, ఇంజనీర్లు లేని ఇంట్లో అరగంట. ఆ తర్వాత ప్లగ్గు. పాతరకం ట్రాన్స్‌ఫార్మరు అక్కడి 120 వోల్టులకు పుట్టినది, ఇక్కడి గోడలో 230 ఉంటుంది. అలాంటప్పుడు మొదటి పందెం పొగతో ముగుస్తుంది. కొత్తరకం అడాప్టరు రెంటికీ తట్టుకుంటుంది కానీ మే నెల మధ్యాహ్నం గోడలో కరెంటు ఉండాలిగా.

కరెంటు ఉన్న పూట పందెం హాల్లో సాగుతుంది. కార్లు రెండు, మార్షల్స్ పధ్నాలుగు మంది. నేల మీది కొబ్బరి పీచు ఇరుసుకు చుట్టుకుని కారు మూలుగుతుంది. పిల్లి ఒక మలుపు దగ్గర మాటు వేసి, స్లాట్ కార్ల చరిత్రలో ఏ మార్షలూ చేయనంత వేగంగా కారును గాడిలోంచి తీసేస్తుంది, తిరిగి పెట్టదు. మామ్మ వంటింట్లోంచి వచ్చి, "ఇదేంట్రా, నడిచే దారికడ్డంగా" అని ఒక ముక్క ఊడదీసి పక్కన పెట్టి తన పీట వేసుకుంటుంది. ఇదంతా అయ్యేసరికి సెట్టుతోపాటు అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి వీధిలోకి చూస్తూ ఉంటాడు. కాసేపటికి వాడి చేతిలోనూ పంగల కర్ర ఉంటుంది. వాడికి ఇంజను శబ్దం చేయడం రాదు. వాడిది కరెంటు కారని మిగతావాళ్ళు సర్దుకుంటారు.

లోపల సెట్టు దగ్గర మిగిలేది బాబాయిలే. "ఒక్కసారి చూసిస్తానుండండి, పాడయ్యిందేమో" అని మీట పుచ్చుకున్న మనిషి భోజనానికి మూడుసార్లు పిలిచినా లేవడు. దీన్ని కోనసీమ బాబాయిల బలహీనతగా చూడకూడదు. 2009లో ఇంగ్లండులో జేమ్స్ మే అనే టీవీ వ్యాఖ్యాత బ్రూక్‌లాండ్స్‌లో ఇదే పని ఊరంతటితో చేయించాడు. అక్కడ 1907లో తెరిచిన కార్ల పందెపు వలయం ఉండేది, తర్వాత దాని మీదా చుట్టూ ఇళ్ళూ ఆఫీసులూ వచ్చేశాయి. ఆ పాత వలయం పోయిన దారి వెంబడే, మూడు మైళ్ళకు కొంచెం తక్కువగా, బొమ్మ కార్ల గాడిని ముక్క ముక్క కలిపి పరిచి కార్లను తిప్పారు. వందల మంది స్థానికులు సాయం పట్టారు. పెద్ద వయసువాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు బిగించారు. గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. అక్కడ అడ్డం వచ్చి ముక్క ఊడదీసే మామ్మ లేకపోవడం వాళ్ళ అదృష్టం.

వీధిలోనూ పెద్దల ప్రవేశం తప్పదు. పొలం నుంచి వస్తున్న మామయ్య సైకిలు దిగి, "ఏరా, ఎండలో ఏంటీ కోతి వేషాలు" అంటాడు. తర్వాత, "అది అలా కాదురా, కర్ర కాస్త వాల్చి పట్టాలి" అంటాడు. తర్వాత, "ఇలా తే" అంటాడు. ఈ మూడు వాక్యాల మధ్య ఎక్కువ సేపు పట్టదు. పంచె ఎగ్గట్టి కాలవ గట్టు దాకా ఒక ఊపున తోసుకుపోయిన మామయ్య అక్కడ ఆగి, చేయి నడుముకు ఆనించి, తిరిగి వచ్చేటప్పుడు నడిచే వస్తాడు. బండి అరటిపండు తెస్తుంది. ఆ రాత్రి ఇంట్లో కొబ్బరినూనె సీసా మళ్ళీ బయటికి వస్తుంది, ఈసారి నడుముకు.

కోనసీమలో పందెం అన్నాక డబ్బు లేకపోవడం వింతే. సంక్రాంతికి కోడిపందేల బరుల్లో ఎంత చేతులు మారుతుందో ఎవరూ పైకి చెప్పరు. 1974 నాటి గేమింగ్ చట్టం దానికి ఒప్పుకోదు కాబట్టి చెప్పకపోవడమే మంచిది. ఇటీవలి సంక్రాంతులకు ఆత్రేయపురం కాలవలో డ్రాగన్ పడవల పందేలు పెడుతున్నారు, వాటికి జట్లూ పతకాలూ ఉన్నాయి. ముంజికాయల పందేనికి ఇవేవీ లేవు. బహుమతి ఏమైనా ఉంటే అది ఒక పూతరేకు. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆత్రేయపురం పూతరేకును నలుగురికి సమానంగా పంచడం మాత్రం ఎవరి వల్లా కాదు. ముట్టుకుంటే పొడి అవుతుంది. మొదటి స్థానానికి నెయ్యి, బెల్లం తగిలిన ముక్క, రెండో స్థానానికి కాగితంలాంటి అంచు, మూడో స్థానానికి వేళ్ళు నాకే హక్కు.

బండి ఆయుష్షు మూడు నాలుగు రోజులు. మొదటి రోజు బుర్ర పచ్చిగా, బరువుగా ఉంటుంది. రెండో రోజు కాస్త ఆరి తేలికపడి మంచి వేగం మీద ఉంటుంది. పెద్ద పందేలన్నీ ఆ రోజే పెట్టుకోవాలి. మూడో రోజు ముడుచుకుంటుంది, ఇరుసు వదులవుతుంది, కళ్ళల్లో చీమలు చేరతాయి. నాలుగో రోజు వాసన వస్తుంది, ఇంట్లోకి రానివ్వరు. స్లాట్ కార్లవాళ్ళు పాత కార్లను అద్దాల బీరువాలో దాచి, అరవై ఏళ్ళ నాటి బొమ్మకు కొత్తదానికన్నా ఎక్కువ డబ్బు పెడతారు. గెలిచిన ముంజికాయల బండిని కూడా దాచిపెట్టాలని చూసినవాళ్ళు లేకపోలేదు. పశువుల పాక చూరులో దాచిన బండిని తెల్లారి చూస్తే ఇరుసు ఒక్కటే ఉంటుంది, పక్కన గేదె నెమరువేస్తూ ఉంటుంది. తాటిబుర్రలంటే పశువులకు ఇష్టమని పశువైద్యుణ్ణి అడక్కుండానే తెలిసిపోతుంది. పంగల కర్ర మాత్రం చాలాకాలం ఉంటుంది. బడులు తెరిచాక అది దండెం కింద ఊతకర్ర అవుతుంది, వానాకాలంలో కాసిన పొట్లపాదుకు ఆనుకర్ర అవుతుంది. జామచెట్టువాళ్ళు పేరంటానికి వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టి, "ఇది మా చెట్టుదిలా ఉందే" అంటారు. "ఆయ్, ఎక్కడిదోనండి, పిల్లలు తెచ్చారు" అంటుంది మామ్మ.